రవ్వ ముద్ద

పదకొండున్నర అయింది. పడుకుందామంటే మా ల్యాబు సారు మాట చెవిలోనే తిరుగుతోంది. "నీకు టైము బాగానే ఉన్నట్టుందమ్మా." అంతే. తిట్టినా బాగుండేది.

నా నేరమల్లా మంగళవారాలు బయాలజీ వాళ్ళ బిల్డింగుకి వెళ్ళి ప్రొటీన్ల క్లాసులో వెనక బెంచీ మీద కూర్చోవడం. క్రెడిట్లు కూడా లేవు. ఇవాళ రామచంద్రన్ ప్లాట్ చెప్పారు. ప్రొటీన్ గొలుసు ఏ కోణాల్లో మెలి తిరగొచ్చో, ఎక్కడ పరమాణువులు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయో 1963లో మద్రాసులో కూర్చుని లెక్కగట్టిన బొమ్మ. ఆ రామచంద్రనూ మనవాడే, అంటే ఫిజిక్సువాడే, సి.వి. రామన్ శిష్యుడు. ఆ హుషారుతో ల్యాబుకొస్తే గుమ్మంలోనే ఆ మాట. ముందు ఒక్కటి లోతుగా చేసి, తర్వాత ఊరంతా తిరగాలట. పోయిన నెలా ఇదే పాట. అదీ అందరి ముందు. పక్క టేబుల్ వాడు నవ్వాడు. వాడి సంగతి ఇంకోరోజు.

బస్సంతా సారుకి మనసులో జవాబులు చెబుతూనే ఉన్నా. రామన్ మృదంగం మీద రాయలేదా, 1920లో, నేచర్ పత్రికలో? ఉత్త చర్మం బిగించి కొడితే రెండో స్వరం మొదటిదానికి 1.59 రెట్ల దగ్గర పడుతుంది, శ్రుతికి రాదు. మృదంగం కుడివైపు చర్మం మధ్యలో ఆ నల్ల మందు బరువుండబట్టే రెండు రెట్లకి చేరుతుంది.

మృదంగం అనగానే మావయ్య వచ్చి కూర్చున్నాడు. శ్రీరామనవమి పందిట్లో కచేరీకి ముందు నాకొకటే పని, రవ్వ తడపడం. బొంబాయి రవ్వలో చెంచాడు చెంచాడు నీళ్ళు. ఆ ముద్దని ఎడమవైపు మధ్యలో అద్దేవాడు, కొట్టి వినేవాడు, చిటికెడు గిల్లి తీసేవాడు, మళ్ళీ కొట్టేవాడు. "ఇప్పుడెలా ఉందే?" అని నన్నడిగేవాడు, నాకేదో తెలిసినట్టు. పొద్దున ఉప్మాకి దాచిన రవ్వ అని అమ్మమ్మ సణుగుడు. ఆ చిటికెడు కోసం అరగంటైనా కూర్చునేవాడు.

అదిగో, నా వాదన అక్కడే చెడింది. రామన్ కూడా మృదంగం దగ్గరికి షికారుకెళ్ళలేదు. కంపనాలు, తీగలు, వయొలిన్ అని ఏళ్ళ తరబడి తల బద్దలుకొట్టుకుంటున్న మనిషి. 1934లో మళ్ళీ దానిమీదే రాశారు, చర్మం మీద ఇసుక చల్లి, అది ఏ గీతల వెంట పేరుకుంటుందో చూసి మరీ.

ఇక్కడిదాకా రాశాక దాచడమెందుకు. పొద్దున కాలిబ్రేషన్ చెయ్యకుండానే, అంటే మిషను సరిగ్గా చూపిస్తోందో లేదో సరిచూడకుండానే, స్కాన్ పెట్టేసి క్లాసుకి పరిగెత్తా. నేనొచ్చేసరికే సారు సిలికాన్ ముక్క పెట్టి చూసేశారు. సిలికాన్‌కి ఎప్పుడూ 520 దగ్గరుండాల్సిన పీకు 517 దగ్గరుంది. మూడు కలిపేస్తే సరిపోతుందా అంటే, అది ఎప్పుడు పక్కకి జరిగిందో తెలిస్తేగా. మూడు గంటల డేటా పోయింది.

అయినా అందరి ముందు అనకుండా ఉండాల్సింది.

వచ్చే మంగళవారం క్లాసు పదకొండుకి. ల్యాబు ఎనిమిదికే తెరుస్తారు. రేపు మావయ్యకి ఫోన్ చేసి, ఎడమవైపుకి రవ్వ ఎన్ని గ్రాములు పడుతుందో అడగాలి. "గ్రాములేంటే?" అంటాడు.