సముద్రమే నొక్కి పట్టుకుంటాది

విశాఖ నేవీలో చేసే మా బావ నిన్న బరంపురం వచ్చారు, సబ్‌మెరైన్ అడుగున ఆగిపోతే లోపలోళ్లని ఎలా తీస్తారు బావా అనడిగా. రెస్క్యూ వెహికల్ కింద గంటలా స్కర్ట్ ఉంటాదట, దాన్ని సబ్‌మెరైన్ హ్యాచ్ (మనుషులు దూరే మూత తలుపు) చుట్టూ ఉన్న నున్నటి రింగు మీద ఆనించి స్కర్ట్ లోపలి నీళ్లు తోడేస్తే చాలు, బయటి సముద్రమే నొక్కి పట్టేస్తాది! 100 మీటర్ల లోతులో చదరపు సెంటీమీటరుకి దాదాపు 10 కిలోల ఒత్తిడి మరి. సీల్ గట్టిగా కుదిరాకే హ్యాచ్‌లు తెరుస్తారు. 1939లో అమెరికా సబ్‌మెరైన్ స్క్వాలస్ నుంచి 33 మందిని ఇలాగే చాంబర్‌లో పైకి తెచ్చారు. 2021లో ఇండోనేషియా సబ్‌మెరైన్ నంగాలా కోసం మన విశాఖ నుంచీ వెహికల్ బయల్దేరింది, కానీ 53 మందిలో ఒక్కరూ దక్కలేదు, అది విన్నాక అన్నం సహించలేదు. సబ్‌మెరైన్ పక్కకి వాలి పడుంటే దానికి తగ్గట్టు వెహికల్నీ వంచి ఆనించాలట, చీకట్లో, ప్రవాహంలో, ఆ పైలట్లకి చేతులెత్తి దండం పెట్టాలి.