సీళ్లరాయి గుండ్రాయైన చోటు

ముప్పై రెండేళ్లు గొలుసు పట్టుకుని పొలం గట్ల మీద తిరిగినవాణ్ణి. కోనసీమలో సర్వేయరుగా చేరి అక్కడే రిటైరయ్యాను. ఊరి పేరు వినగానే దాని నేల ఎలాంటిదో ఊహించుకోవడం నాకు అలవాటు. లంక అంటే గోదావరి పాయల మధ్య మేట వేసిన నేల. మెరక అంటే వరద ఎక్కని చోటు. అందుకేనేమో, జూన్‌లో డబ్లిన్‌లోని మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు పక్కింటి పెద్దాయన చూపించిన ఆట నన్ను అంతగా పట్టుకుంది.

ఆయన పోస్టుమాన్‌గా చేసి రిటైరైన మనిషి. ఐర్లండ్ పల్లెలన్నీ తిరిగి ఫొటోలు తీసిపెట్టుకున్నారు. దారిలో ఉండే ఊరి బోర్డు గానీ కొట్ల పేర్లు గానీ వాటిలో పడవు. ఫొటో బల్ల మీద పెట్టి, ఏ ఊరో చెప్పమంటారు. మొదటి వారం నేను ఒక్కటీ చెప్పలేకపోయాను. తర్వాత ఆయనే ఆనవాళ్లు నేర్పారు. చెట్టూ చేమా లేని బూడిదరంగు సున్నపురాతి గుట్టలు కనిపిస్తే క్లేర్ కౌంటీలోని బరెన్ ప్రాంతం. బరెన్ అన్నా రాతినేల అనే అర్థం. ఇళ్లకు పసుపు, గులాబి, నీలం రంగులు పక్కపక్కనే వేసి ఉంటే నైరుతి మూల బేరా ద్వీపకల్పంలోని ఐరీస్ కావచ్చు. సముద్రం పైన సన్నగా, గుండ్రంగా 30 మీటర్ల రాతి గోపురం ఉంటే వాటర్‌ఫర్డ్ కౌంటీ ఆర్డ్‌మోర్. ఆ పేరుకి అర్థం అడిగితే 'పెద్ద ఎత్తు' అన్నారు. మా భాషలో అయితే పెద్దమెరక. ఆ రోజు నుంచి ఫొటో కంటే పేరు మీద నా ధ్యాస ఎక్కువైంది.

అల్లుడుగారికి నాలుగు రోజులు సెలవు దొరికి పడమటి తీరానికి బయల్దేరుతుంటే, పెద్దాయన నా చేతిలో నాలుగు ఫొటోలు పెట్టారు. వెనకవైపు ఊరి పేరు లేదు, పేరుకి అర్థం మాత్రమే రాసి ఉంది. ఊళ్లో నిలబడి సరిచూసుకుని, వచ్చాక చెప్పమన్నారు.

మొదటిది తేలిక. వెనక 'ఓక్ చెట్టు రేవు' అని ఉంది, ముందు గడ్డి కప్పు ఇళ్ల వరస. లిమెరిక్ దాటాక వచ్చే అడేర్. ఐరిష్‌లో ఆహ్ దారా అంటే ఓక్ చెట్టు దగ్గర నడిచి దాటే రేవు, ఆ ఏరు పేరు మేగ్. ఆ ఇళ్లు 1820లలో ఊరి జమీందారు డన్‌రేవన్ ప్రభువు ఒక పద్ధతి ప్రకారం వేయించిన వీధివి. చూడముచ్చటగా ఉన్నాయి కానీ, ఊరి మధ్య నుంచే ట్రలీ రోడ్డు పోతుంది, లారీల మోతలో నిలబడి మాట్లాడుకోలేం. ఏటి ఒడ్డున ఉన్న పాత మఠాల శిథిలాలే నాకు నచ్చాయి.

అక్కణ్ణుంచి దారి పొడుగునా బోర్డులు చదువుతూ కూర్చున్నాం. ప్రతి బోర్డు మీదా పైన వాలు అక్షరాల్లో ఐరిష్ పేరు, కింద పెద్ద అక్షరాల్లో ఇంగ్లీషు పేరు. 'బ్యాలీ' అని మొదలయ్యేవి మా ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టి, "ఇది మన పల్లే కదండీ!" అంది. మన పల్లికీ దానికీ చుట్టరికమేమీ లేదు, అది 'బల్య' అనే ఐరిష్ మాట. అర్థం మాత్రం ఊరే. ఇద్దరూ ఒకరినొకరు ఎరగకుండా ఊరుకి ఇంత దగ్గరి మాట అనుకోవడం మా ఆవిడకు తెగ నచ్చింది, సాయంత్రం దాకా లెక్క ఆపలేదు.

'కిల్' సంగతి అలా కాదు. ఐరిష్‌లో చర్చికి ఒక మాట, అడవికి ఒక మాట. వాళ్ల చెవికి అవి వేరు. ఇంగ్లీషులో రాసేసరికి చాలాచోట్ల రెండూ 'కిల్' అయిపోయాయి. కిల్డేర్ అంటే ఓక్ చెట్టు చర్చి అని తెలుసు కాబట్టి సరిపోయింది. తెలియని ఊళ్లో, అక్కడ ఒకప్పుడు గుడి ఉండేదో అడవి ఉండేదో ఇంగ్లీషు పేరు చూసి చెప్పలేం.

ఇలా రాసింది మా వృత్తివాళ్లే కాబట్టి ఈ విషయం నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. 1824లో బ్రిటిష్ ప్రభుత్వం ఐర్లండ్ మొత్తాన్ని మైలుకి 6 అంగుళాల లెక్కన కొలవమని ఆర్డ్‌నెన్స్ సర్వే అనే తన సర్వే శాఖను పంపింది. భూమి పన్ను సరిగా లెక్కకట్టడానికి. 1846 నాటికి దేశం మొత్తం పటాలు తయారయ్యాయి. ఆ సర్వే అధిపతి థామస్ కోల్బీ తయారు చేయించిన కొలతబద్దలను 1829లో జార్జ్ ఎవరెస్ట్ ఐర్లండ్ వచ్చి చూసి వెళ్లాడు. తర్వాత అలాంటివే మన దేశపు సర్వేలో వాడారు. టౌన్‌ల్యాండ్ అని అక్కడ అన్నిటికంటే చిన్న భూభాగం, అవే 60 వేలకు పైగా ఉన్నాయి. ప్రతిదానికీ ఒక పేరు. ఆ పేర్లు తేల్చడానికి 1830లో జాన్ ఓడొనొవన్ అనే పండితుణ్ణి పెట్టుకున్నారు. ఆయన పారిష్ (ఒక చర్చి కింది ఊళ్ల పరిధి) నుంచి పారిష్‌కు తిరిగి, ఐరిష్ మాట్లాడే ముసలివాళ్లను కూర్చోబెట్టి పేరు ఎలా పలుకుతారో, ఎందుకు వచ్చిందో అడిగి పుస్తకాల్లో ఎక్కించాడు. అసలు రూపం రాసిపెట్టింది ఆయనే. పటం మీద అచ్చయింది మాత్రం ఇంగ్లీషు నోటికి పలికే రూపం. ఒకే కచేరీలో పేరుని కాపాడే పనీ చెరిపే పనీ పక్కపక్కనే జరిగాయి.

రెండో ఫొటో వెనక 'సముద్రం తల' అని ఉంది. ఫొటోలో నిండు నీళ్లు, రంగు పడవలు, దూరాన చిన్న కోట. గాల్వే కౌంటీ కిన్వారా అనుకునే వెళ్లాం. తీరా చూస్తే నీళ్లు లేవు. పడవలు బురదలో ఒరిగి ఉన్నాయి. పొరబడ్డాననుకుని వెనక్కి తిరగబోతుంటే, మా అమ్మాయి "ఆటు మీద ఉంది నాన్నా, పోటు వచ్చేదాకా చూద్దాం" అంది. మూడు గంటలు కూర్చున్నాం. నీళ్లు మెల్లగా రేవులోకి పాకి, ఒక్కొక్క పడవనీ లేపి నిలబెట్టి, డన్‌గ్వాయిర్ కోట కిందిదాకా వచ్చాయి. గాల్వే అఖాతం లోపలికి తోసుకొచ్చి ఆగే చివర అది. సముద్రం తల అక్కడ పెట్టుకుని పడుకుంటుందని ఎవరో కూర్చుని చూసి పెట్టిన పేరు. కెర్రీ కౌంటీలోని కెన్మేర్ కూడా ఇదే మాట, రాత మారి వేరే పేరులా కనిపిస్తుంది.

మూడో రోజు గాల్వే దాటి స్పిడల్ వైపు వెళ్లేసరికి బోర్డుల మీద ఇంగ్లీషు మాయమైంది. అది ఐరిష్ ఇంకా ఇంటి భాషగా ఉన్న ప్రాంతం. స్పిడల్ అంటే ఆస్పత్రి అని అర్థం, ఐరిష్ మాట 'ఒస్పిడేల్' మొదట్లోని 'ఒ' అరిగిపోయింది. కెర్రీలో ఇలాంటి ప్రాంతంలోనే ఉన్న డింగిల్ ఊరికి 2004 ఉత్తర్వుతో అధికారిక పేరు ఐరిష్‌లోనే ఉండాలన్నారు. ఊరివాళ్లు ఒప్పుకోక 2006లో ఓటు వేశారు. 2011లో చట్టం మార్చి డింగిల్‌ని కూడా తిరిగి చేర్చారు. 2015లో మా రాజమండ్రి మళ్లీ రాజమహేంద్రవరం అయినప్పుడు నేను సంతోషించాను. కానీ నోటికి అలవాటైన పేరు మీద జనానికి ఉండే హక్కు కూడా చిన్నదేం కాదని ఇక్కడ అనిపించింది.

మూడో ఫొటోలో రాతి రేవు, అవతలి గట్టున పన్నెండు శిఖరాల కొండలు. వెనక 'సీళ్ల రాయి'. కొండలు చూసి గాల్వే పడమటి వైపున్న కానమారా అని పట్టేశాను. కానీ పటం మీద ఆ అర్థానికి దగ్గరగా ఏ పేరూ లేదు. ఉన్నది రౌండ్‌స్టోన్. అంటే గుండ్రాయి. రేవులో పడవ కడుగుతున్న మనిషిని అడిగితే ఐరిష్ పేరు చెప్పాడు, క్లోఖ్ న రోన్. క్లోఖ్ అంటే రాయి. రోన్ అంటే సీల్ అనే సముద్రజంతువు. ఇంగ్లీషువాళ్లు రాయిని సరిగా అనువదించి, రోన్‌ని 'రౌండ్' అని విన్నారు. 1820లలో అలెగ్జాండర్ నిమ్మో అనే స్కాట్లండ్ ఇంజనీరు అక్కడ రేవు కట్టి, ఊరు వేశాడు. ఊరు ఆ తప్పుడు పేరుతోనే పెద్దదైంది. మేం చూస్తుండగానే నల్లటి నున్నటి తల ఒకటి నీళ్లలోంచి లేచి, మమ్మల్ని చూసి, మునిగిపోయింది.

పటాలు గీసిన టిమ్ రాబిన్సన్ ఉన్నది ఈ ఊళ్లోనే. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో పెరిగి, గణితం చదివి, 1972లో అరాన్ దీవులకు వచ్చి, 1984 నుంచి ఇక్కడ స్థిరపడ్డాడు. ఐరిష్ ఆయన ఇంటి భాష కాదు. అయినా నేర్చుకుని, ఒడ్డు వెంట నడిచి, బండ బండకీ కయ్య కయ్యకీ ఉన్న పేరు ముసలివాళ్ల నోట విని పటం మీద పెట్టాడు. కానమారా పటం 1990లో వచ్చింది. 2020లో ఆయన పోయారు.

ఆ రేవులో కూర్చున్నప్పుడు నాకు మా రీసర్వే రోజులు గుర్తొచ్చాయి. ఒక లంక గ్రామంలో ముసలి తలారి నా వెంట నడుస్తూ ప్రతి చెక్కకీ పేరు చెప్పేవాడు. ఈ పల్లం ఫలానా, ఈ దిబ్బ ఫలానావారిది, ఈ మడుగులో గేదె పడిపోయింది కాబట్టి దాని పేరు ఇది అని. నేను విని, ఎఫ్.ఎం.బి. అనే పొలం కొలతల పుస్తకంలో సర్వే నంబరు వేసి, 'పోరంబోకు' అని రాసి ముందుకి నడిచాను. ఫారంలో పేరుకి గడి లేదు నిజమే. నా దగ్గర నోటుబుక్కు ఉంది, పెన్సిలూ ఉంది. ఓడొనొవన్‌కి ఉన్న ఓపిక నాకు లేకపోయింది. ఆ తలారి ఇప్పుడు లేడు.

నాలుగో ఫొటో నన్ను ఓడించింది. చెక్కిన రాళ్లతో రెండు గట్లు, వాటి మధ్య గడ్డి, నీటి చుక్క లేదు. వెనక 'ఇరుకు' అని ఒక్క మాట. కోట కందకం అనుకుని రెండు ఊళ్లు తిరిగాం. చివరికి మేయో కౌంటీ కాంగ్‌లో దొరికింది. ఐరిష్ పలుకుబడి దాదాపు మన 'కొంగ'. కోరిబ్, మాస్క్ అనే రెండు సరస్సుల మధ్య ఇరుకైన నేల, అందుకే ఆ పేరు. సరస్సు నుంచి సరస్సుకి పడవలు నడపాలని, కరువు పనుల కింద, 1848లో కాలువ తవ్వడం మొదలుపెట్టారు. కింద అంతా సున్నపురాయి, బొరియలమయం. నీళ్లు నిలవలేదు. 1854లో వదిలేశారు. ఇప్పటికీ ఎండాకాలం అది ఎండు కాలువే. అవే ఏళ్లలో, 1847 నుంచి 1852 దాకా, ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట కట్టించాడు. ఆ నీళ్లతో పండిన తిండి తిని పెరిగినవాణ్ణి నేను. ఆకలి కడుపులతో ఇక్కడ రాళ్లు మోసినవాళ్లకి ఒక్క చుక్కా దక్కలేదు. గట్టు రాయి మీద చెయ్యి పెడితే ఉలిదెబ్బలు తగిలాయి, రాళ్ల కీళ్లు ఇంకా అంగుళం కదల్లేదు.

మావాళ్లు టీ తాగడానికి వెళ్లారు. నేను ఆ గట్టు మీదే కూర్చుని, అమ్మాయి దగ్గర అడిగి తీసుకున్న నోటుబుక్కులో తలారి చెప్పిన పేర్లు గుర్తొచ్చిన వరసలో రాయడం మొదలుపెట్టాను. అక్కడ జూన్‌లో రాత్రి పదింటిదాకా వెలుతురు ఉంటుంది. చీకటి పడే వేళకి పదకొండు పేర్లు వచ్చాయి. పన్నెండోది దిబ్బ. ఎవరి దిబ్బో గుర్తు రావడం లేదు. ఊళ్లో మా బావమరిదిని అడిగితే ఆయన వాళ్ల నాన్నని అడిగి చెబుతాడు. ఫోన్ తీశాను కానీ, అక్కడ రాత్రి రెండున్నర. తెల్లారాక చేయాలి.