బెతెల్ నుంచి డిల్లింగ్‌హామ్‌కు ఎంత దూరం?

అలాస్కా నైరుతి ప్రాంతానికి ఉద్యోగం కోసం వచ్చే ప్రవాసులకు నేను మొదట చెప్పే విషయం, ఇక్కడ దూరానికీ ప్రయాణ సమయానికీ పొంతన వెతకవద్దని. కస్కోక్విమ్ నది ఒడ్డున ఉన్న బెతెల్ నుంచి బ్రిస్టల్ బే ప్రాంతంలోని డిల్లింగ్‌హామ్‌కు ఆకాశమార్గాన దూరం సుమారు 270 కిలోమీటర్లు. రెండు ఊళ్లనూ కలిపే రోడ్డు లేదు. మధ్యలో ఉన్నవి అహ్‌క్లున్ పర్వతాలు, సరస్సులు, జనసంచారం లేని నేల.

అక్షాంశ రేఖాంశాలను బట్టి లెక్కగట్టే ఈ దూరం భూగోళం వంపు మీద రెండు చోట్లకూ మధ్య ఉన్న అతి దగ్గరి దారి. గోడకు వేలాడే పటంలో అది ఇంకా ఎక్కువగా కనిపించవచ్చు. అరవయ్యో అక్షాంశం దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం వెడల్పు భూమధ్యరేఖ దగ్గరి వెడల్పులో సగమే అయినా, గోళాన్ని చదునుగా పరిచి గీసే మెర్కేటర్ పటం ఆ రెంటినీ సమానంగానే చూపిస్తుంది.

గంటకు సుమారు 300 కిలోమీటర్ల వేగంతో వెళ్లే సెస్నా కారవాన్ వంటి చిన్న విమానానికి ఇది కాగితం మీద గంటలోపు ప్రయాణం. విమానం నేలమీద రన్‌వే వరకు వెళ్లడం, పైకెక్కడం, దిగే ముందు వేగం తగ్గించుకోవడం కలిపితే గంట దాటుతుంది. దారి ఎంత చిన్నదైతే ఈ అదనపు నిమిషాల వాటా అంత పెద్దది. ఎదురుగాలి గంటకు 60 కిలోమీటర్లు ఉంటే నేలతో పోల్చి చూస్తే విమానం వేగం 240కి పడిపోతుంది.

అయితే అసలు చిక్కు వేగంలో లేదు, దారిలో ఉంది. పని మీద డిల్లింగ్‌హామ్ వెళ్లవలసి వచ్చినప్పుడు నాకు టికెట్ దొరికేది అలాస్కాలోని అతిపెద్ద నగరం ఆంకరేజ్ మీదుగానే. బెతెల్ నుంచి ఆంకరేజ్‌కు దాదాపు 640 కిలోమీటర్లు, అక్కడి నుంచి డిల్లింగ్‌హామ్‌కు మరో 530; అంటే 270 కిలోమీటర్ల అవతల ఉన్న ఊరికి 1,170 కిలోమీటర్లు ఎగరాలి. గాలిలో గడిపేది మొత్తం రెండున్నర గంటలే కావచ్చు గానీ, రెండు విమానాల వేళలు కుదరకపోతే ఆ రాత్రి ఆంకరేజ్‌లో గడపవలసిందే. చిన్న విమానం అద్దెకు తీసుకోవడం కుదిరినా, పైలట్ కంటికి కొండలు కనబడాలి, మంచు పడకూడదు, వెలుతురు ఉండాలి. డిసెంబరులో చాలా రోజులు బెతెల్‌లో పగలు ఆరు గంటలైనా ఉండదు. వాతావరణం బాగాలేదని ప్రయాణం ఆపే పైలట్ మీద విసుక్కునేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఆ నిర్ణయం మన ప్రాణాల కోసమే.

అందుకే డిల్లింగ్‌హామ్‌లో సోమవారం విధుల్లో చేరవలసి ఉంటే నేను శనివారమే బయలుదేరతాను. కొత్తగా వచ్చేవారు ఉద్యోగ ఒప్పందం మీద సంతకం చేసే ముందు, దారిలో చిక్కుకుపోయిన రోజులకు జీతం, బస ఖర్చు ఎవరు ఇస్తారో అందులో స్పష్టంగా రాయించుకోవాలి.