అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర ఓ సాయంత్రం

నర్సాపురం రేవులో పంటు ఎక్కి, గోదావరి పాయ వశిష్ఠ దాటి సఖినేటిపల్లిలో దిగాం. ఒక పక్క గౌతమి, ఇంకో పక్క వశిష్ఠ, కింద సముద్రం. అంటే కోనసీమ మొత్తం దీవే కదా! ఇన్నేళ్లూ ఇక్కడే తిరుగుతున్నా ఈ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు.

అంతర్వేదిలో ముందు నరసింహస్వామి దర్శనం. గోపురం ఫొటోలు అందరి దగ్గరా ఉన్నవే, నావీ అంతే. లైట్‌హౌస్‌ను సరుగుడు చెట్ల సందులోంచి తీస్తే కాస్త నయం.

అసలు పని గట్టు దగ్గర. నది సముద్రంలో కలిసేచోట గోధుమరంగు నీళ్లు ఒకవైపు, నీలం ఒకవైపు, మధ్యలో గీత. మధ్యాహ్నం ఎండలో ఎంత తీసినా అంతా తెల్లగా వచ్చింది. టెన్షన్ పడుతుంటే పడవ బాబాయి, "కంగారెందుకండీ, పొద్దు వాలనివ్వండి" అన్నాడు. నిజమే. పొద్దు నది వైపు దిగాక గీత తేలింది. అప్పటికి లెన్స్ నిండా ఉప్పు తుంపర! లుంగీ కొంగుతో తుడవబోయాడు, వద్దు బాబాయ్ అని దణ్ణం పెట్టాను.

మంచి ఫొటోలు నాలుగే వచ్చాయి. వచ్చేసారి దిండి, కాలువగట్ల మీద కొబ్బరితోటలు. తెల్లారుజామునే.