గురువారం నాటి టర్కీ

మా ఇంట్లో అవెన్ అంటే ఇనుప అలమర. రెండు మూకుళ్లు, ఇడ్లీ రేకులు, దోసె పెనం, మూత పోయిన కుక్కరు, అన్నీ అందులోనే ఉండేవి. అమెరికాలో చాలా తెలుగు ఇళ్లలో ఇదే తీరు. 2022 నవంబరులో ఒక మంగళవారం వాటన్నిటినీ బయటపెట్టి, దాన్ని అసలు పనికి వాడబోతున్నానని ప్రకటించాను. మా ఆవిడ నవ్వలేదు. అదే నన్ను భయపెట్టింది.

మేముండేది ఒహాయోలోని కొలంబస్‌లో. ఏటా నవంబరులో అమెరికన్లు టర్కీ అనే పెద్ద పక్షిని వండుకుని, కృతజ్ఞతలు చెప్పుకునే పండుగ థాంక్స్ గివింగ్. 2016లో ఈ ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి మాకు ఆ భోజనం పక్కింటి పెద్దావిడ దగ్గరే. మేము పులిహోర పట్టుకెళ్లడం, తినడం, మిగిలిన ‘గుమ్మడికాయ పై’ అనే తీపి వంటకాన్ని పళ్లెంతో సహా ఇంటికి తెచ్చుకోవడం. 2020లో కరోనా వల్ల లోపలికి పిలవలేక పళ్లేలు గుమ్మం ముందు పెట్టి తలుపు తట్టి వెళ్లింది. 2022 అక్టోబరులో ఆవిడకు మోకాలి ఆపరేషన్ జరిగింది. పరామర్శకు వెళ్లినవాణ్ని ఊరుకోకుండా, ఈసారి మా ఇంట్లో చేస్తాం అనేశాను. తీరా చూస్తే ఆ రోజు మా ఆవిడకు ఆసుపత్రిలో మధ్యాహ్నం మూడింటి దాకా డ్యూటీ. అంటే వంట నాది.

అమ్మ తెనాలి నుంచి సెప్టెంబరులో వచ్చింది. ఈ దేశం రావడం అదే మొదటిసారి. పండుగ ఏ రోజు అని అడిగింది. గురువారం అన్నాను.

"గురువారం మాంసమా?"

బాబా వారం. అమ్మ ముప్పయ్యేళ్లుగా గురువారం నీచు ముట్టదు. వచ్చే ఏడాదైనా మారుతుందా అంటే అదీ లేదు. అధ్యక్షుడు లింకన్ 1863లో నవంబరు ఆఖరి గురువారం అని ప్రకటించాడు. మరో అధ్యక్షుడు రూజ్వెల్ట్ 1939లో దుకాణాల అమ్మకాలకు మరికొన్ని రోజులు దొరుకుతాయని ఒక వారం ముందుకు జరిపితే దేశం రెండుగా చీలినంత పనయింది. చివరికి 1941లో నాలుగో గురువారమని చట్టం చేశారు. ఇదంతా చెబితే అమ్మ ఓపికగా విని, "ఎన్ని మార్చినా గురువారాన్ని మాత్రం వదల్లేదన్నమాట. బుధవారం పెడితే వాళ్ల సొమ్మేం పోయింది?" అంది. నాలుగో తరగతి చదివే మా వాడు అందుకుని, అమెరికా మూలవాసుల్లో కొందరు 1970 నుంచి ఇదే రోజున మసాచుసెట్స్‌లోని ప్లిమత్‌లో సంతాప దినం జరుపుతున్నారని చెప్పాడు. వాళ్ల భూములు పోయిన రోజులు తలచుకుంటారట. అమ్మ వాడి తల నిమిరి, "అది కూడా న్యాయమే" అంది.

ఆ ఏడు బర్డ్ ఫ్లూ వల్ల టర్కీల ధర బాగా పెరిగింది. 14 పౌన్ల పక్షి దొరికింది, అంటే ఆరు కిలోల పైమాట. గడ్డకట్టి రాయిలా ఉంది. తెచ్చి గరాజులోని ఫ్రీజర్‌లో పెట్టి నిశ్చింతగా ఉన్నాను. మంగళవారం పక్కింటి ఆవిడ పసుపు కాగితం మీద రాసిన జాబితా ఇచ్చింది. మొదటి వాక్యమే: ఆదివారం రాత్రికల్లా ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్‌లోకి దించు.

లెక్క సులువే. ప్రతి నాలుగైదు పౌన్లకు ఒక రోజు చొప్పున ఫ్రిజ్‌లో నిదానంగా కరగాలి. నా పక్షికి మూడు రోజులు దాటుతుంది. నా దగ్గర రెండు రోజులు కూడా లేవు. గురువారం తెల్లవారుజామున నాలుగింటికి లేచి వేలితో నొక్కి చూస్తే పైన మెత్తగానే ఉంది, పొట్టలో మాత్రం మంచుగడ్డ. ఇక మిగిలింది చన్నీళ్ల దారి. పక్షిని కవరుతోనే నీళ్లలో ముంచి, అరగంటకోసారి నీళ్లు మార్చాలి. మొదటి నుంచీ ఇలాగే కరిగించాలంటే పౌనుకు అరగంట పడుతుంది. వేడినీళ్లు పోయాలని చెయ్యి ఎంత దురదపెట్టినా పోయకూడదు. లోపల గడ్డగా ఉండగానే పైభాగం వెచ్చబడి పాడవుతుంది. వంటగది సింకులో పెడితే అమ్మ ఆ రోజు అందులో చెయ్యి పెట్టదు. కాబట్టి కింది స్నానాలగదిలో టబ్బు నింపి అందులో పడుకోబెట్టాను.

నాలుగున్నరకు అమ్మ తలస్నానం చేసి, పట్టుచీర కట్టుకుని, చేతిలో వత్తుల పళ్లెంతో అదే గదిలోకి వచ్చింది.

నేను మరిచిపోయాను. ముందు రోజు కార్తీక అమావాస్య. ఆ తెల్లవారి పోలి పాడ్యమి. కార్తీకమంతా దీపాలు పెట్టినవాళ్లు ఆ రోజు వేకువనే ముప్పై వత్తులు వెలిగించి నీళ్లలో వదులుతారు. తెనాలిలో అయితే కాలువ ఉంది, అరటి దొప్పలున్నాయి. ఇక్కడ అమ్మ నాలుగు రోజులుగా నారింజలు అడ్డంగా కోసి, గుజ్జు తీసి, తొక్కలు దొప్పల్లా దాచుకుంది. నీళ్ల కోసం మనసులో పెట్టుకున్నది ఈ టబ్బునే.

"ఏమిటిరా ఇది?"

"టర్కీ అమ్మా."

"పోలి స్వర్గానికి వెళ్లే రోజున గంగలో కోడిని నానబెట్టావా?"

కోడి కాదు అనబోయి మానుకున్నాను. పెద్ద స్టీలు గంగాళం నిండా నీళ్లు పట్టి వెనక చెక్క వరండాలో పెట్టాను. చలికి అమ్మ పట్టుచీర మీద నా కోటు తొడుక్కుంది. ముప్పై వత్తులు ఐదు నారింజ తొక్కల్లో సర్ది వెలిగించింది. నేను నీళ్లు మార్చడానికి లోపలికీ, దీపాలు చూడడానికి బయటికీ తిరుగుతూనే ఉన్నాను. ఏడున్నరకు పక్షి కరిగింది.

అసలు వంట గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఆరబెట్టి, ఉప్పు రాసి, చర్మం కింద వెన్న పెట్టడం. నేను మధ్యలో సరిహద్దు గీశాను. కుడివైపు పక్కింటి ఆవిడ కోసం వెన్న, సేజ్ ఆకు. ఎడమవైపు మా కోసం అల్లం వెల్లుల్లి, ధనియాల పొడి, గుంటూరు కారం. జాబితాలో, లోపల గుండె కాయా కార్జం పెట్టిన సంచి ఉంటుంది, తీసెయ్యి అని ఉంది. తీశాను. మెడ వైపు కూడా వెతకమని కాగితం వెనకవైపు రాసి ఉందని తర్వాత తెలిసింది. కాగితం తిప్పి చూడడం మంచి అలవాటు.

తొమ్మిదిన్నరకు 325 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడిలో పెట్టాను. పది నిమిషాల్లో పొగ గంట మోగింది. అవెన్ ఖాళీ చేసినప్పుడు అట్టడుగు సొరుగులో ఒక ప్లాస్టిక్ మూత మిగిలిపోయింది. కిటికీలన్నీ తెరిచి, పిల్లవాడు తువ్వాలుతో విసురుతుంటే మళ్లీ మొదలుపెట్టాను. ఒంటిగంటన్నరకు అవుతుందనుకున్నది రెండున్నరకు కూడా కాలేదు. తొడ దగ్గర గుచ్చిన థర్మామీటరు 165 చూపిస్తేనే ఉడికినట్టు. అది 148 దగ్గర మొండికేసింది. రెండింటికే వచ్చి కూర్చున్నారు, యూనివర్సిటీలో చదివే ఇద్దరు తెలుగు కుర్రాళ్లు, చేతికర్ర సాయంతో పక్కింటి ఆవిడ.

ఈలోపు అమ్మ తన వంట ముగించింది. జాబితాలో బీన్స్ క్యాసరోల్ ఉంది, అంటే బీన్స్‌ని డబ్బాలోని పుట్టగొడుగుల సూపులో కలిపి అవెన్‌లో పెట్టే వంటకం. 1955లో క్యాంప్‌బెల్ కంపెనీ వంటగదిలో పుట్టిందట. అమ్మ ఆ డబ్బా వాసన చూసి పక్కన పెట్టి, బీన్స్‌కి కొబ్బరి వేసి కూర చేసింది. తీపి గుమ్మడికాయతో దప్పళం పెట్టింది. క్రాన్‌బెర్రీలతో పులిహోర నేనే చేశాను. చింతపండంత లోతైన పులుపు కాదు, వగరుగా ఉంటుంది. ఇంగువ ఎక్కువ వేస్తేనే కుదురుతుంది.

మూడుంబావుకు 165 వచ్చింది. అరగంట ఆరనివ్వాలి. ఆ సమయంలో పళ్లెంలో దిగిన రసంతో గ్రేవీ కాచాలి. పక్కింటి ఆవిడ కుర్చీ వేయించుకుని కూర్చుని, మైదా కొద్దికొద్దిగా చల్లమంటోంది. అమ్మ రెండు గజాల దూరంలో, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని చూస్తోంది.

"ఉండలు కడుతున్నాయి. మజ్జిగపులుసుకు శనగపిండి ఎలా కలుపుతాం? ముందు చన్నీళ్లలో కలిపి పొయ్యి."

సరిగ్గా అప్పుడే ఆవిడ కూడా చన్నీళ్లు కావాలని చేత్తో సైగ చేసింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి నన్ను చూశారు. ఆ చూపుకు అనువాదం అక్కర్లేదు.

మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చాక బల్ల చుట్టూ కూర్చున్నాం. కోస్తుంటే మెడలోంచి రెండో సంచి బయటపడింది, కాగితపుది కాబట్టి ప్రమాదమేమీ జరగలేదు. తినేముందు ఒక్కొక్కరూ దేనికి కృతజ్ఞులో చెప్పాలి. ఆవిడ బల్ల దగ్గర అది ఆనవాయితీ.

"వందన సమర్పణా?" అంది అమ్మ నా చెవిలో. మనకు ఆ మాట సభ చివర మైకు ముందే వినిపిస్తుంది. ఇంట్లో థాంక్స్ అంటే, నేనేమైనా పరాయిదాన్నా అంటారు. ఆరేళ్లుగా నేను కుటుంబం, ఆరోగ్యం, ఉద్యోగం అని మూడు మాటలు అప్పజెప్పి కూర్చుంటున్నాను.

కుర్రాళ్లలో ఒకడు ఇంటర్న్‌షిప్ అన్నాడు, ఒకడు దప్పళం అన్నాడు. మా ఆవిడ ఇల్లు తగలబడనందుకు అంది. నా వంతు వచ్చింది. మూడు మాటలూ నోటి దాకా వచ్చి ఆగిపోయాయి.

2021 మేలో నాన్న పోయారు. ఇండియా నుంచి రాకపోకల మీద అమెరికా ఆంక్షలు పెట్టిన వారమే అది. వెళితే తిరిగి రావడం నా వీసా మీద కుదరదు. తెనాలిలో పొద్దున ఎనిమిదింటికి తమ్ముడు తలకొరివి పెడుతుంటే, ఇక్కడ రాత్రి పదిన్నరకు మెట్ల మీద కూర్చుని ఫోనులో చూశాను. పక్కింటి ఆవిడ వాకిలి దీపం ఆర్పడానికి వచ్చి నన్ను చూసింది. మాస్కు పెట్టుకుని వచ్చి, మెట్టు అటు చివర కూర్చుంది. ఏమీ అడగలేదు. ఫోను ఆగిపోయాక కూడా ఒంటిగంట దాకా అలాగే కూర్చుంది.

ఇది ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. అమ్మకు అసలే చెప్పలేదు. ఇంగ్లీషులో తడబడుతూ చెప్పాను. మా ఆవిడ మెల్లగా అమ్మకు తెలుగులో చెప్పింది.

తన వంతు వచ్చినప్పుడు అమ్మ మాట్లాడలేదు. లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆవిడ పళ్లెంలో రెండు గరిటెల దప్పళం వడ్డించింది. ఆవిడ కారానికి కళ్లు తుడుచుకుంటూనే తిన్నది. కారానికే అనుకుంటాను. తర్వాత ఆవిడ, పొద్దున్నే మీ వరండాలో నీళ్ల మీద మంటలు కనిపించాయి, ఏమిటవి అని అడిగింది. వత్తికి పత్తి, ప్రమిదకు చమురు ఇవ్వని అత్తగారు, చెట్టు కింద రాలిన పత్తితో, కవ్వానికి అంటిన వెన్నతో దీపం పెట్టుకుని బుట్ట బోర్లించి దాచిన చిన్నకోడలు పోలి. అమ్మ చెప్పింది, నేను ఇంగ్లీషు చేశాను. అత్తగారి దగ్గరికి వచ్చేసరికి ఆవిడ, మా అత్తగారూ అంతే అంది.

మర్నాడు అమ్మ, పక్కింటి ఆవిడ గుమ్మడికాయ పై తెచ్చిన పళ్లెం కడిగి తుడిచింది. నేను ఇచ్చి వస్తానని చెయ్యి చాపాను.

"ఖాళీగానా?"

"ప్రతి ఏడూ కడిగే ఇస్తాను అమ్మా."

అమ్మ నన్ను చూసిన చూపు ముందు రోజు పొద్దున్న టబ్బు దగ్గర చూసిన దానికంటే ఘోరం. "ఆరేళ్లూ ఖాళీ పళ్లెమే తిరిగి ఇచ్చావా?"

తెనాలి నుంచి తెచ్చిన సున్నుండల డబ్బా దించింది. పళ్లెంలో ఆరు లెక్కపెట్టి, ఆగి, ఇంకొకటి పెట్టింది.