దాని గుణమే అంత

ఈ మే నెలలో నూజివీడు నుంచి మా పిన్ని చిన్నరసాలు పంపింది. వరిగడ్డి పరిచి రెండు పెట్టెలు, రాత్రి బండికి వేస్తే పొద్దున్నే లక్డీకాపూల్‌లో తీసుకోవడం, ప్రతి ఏడూ ఇదే తంతు. ఈసారి మూడో రోజుకి గానీ రాలేదు, ఇంటికి తెచ్చి విప్పితే సగానికి సగం నల్లబడి రసం కారిపోయి ఉన్నాయి. ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళకి కంప్లైంట్ పెడితే నాలుగు రోజులకి మెయిల్ వచ్చింది, నష్టం సరుకుకున్న 'ఇన్‌హెరెంట్ నేచర్' వల్ల జరిగింది కాబట్టి మా బాధ్యత లేదు అని.

కోపం వచ్చింది గానీ, నిజం చెప్పాలంటే కొంచెం సిగ్గు కూడా వేసింది. ఎందుకంటే మాదాపూర్‌లో కూర్చుని నేను చేసేదీ అదే, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ రిపోర్టుల్లో 'ఇన్‌హెరెంట్ లిమిటేషన్' అని ఒక ముక్క పడేస్తే ఇంక ఎవరూ రెండో ప్రశ్న అడగరు. ఒక స్క్రీన్ ఓపెన్ అవ్వడానికి 40 నిమిషాలు పట్టేది, ఏడాది పాటు దాన్ని అలాగే రాసుకొచ్చా. కొత్తగా చేరిన అమ్మాయి ఒక మధ్యాహ్నం కూర్చుని డేటాబేస్‌లో ఇండెక్స్ ఒకటి పెట్టింది, 2 నిమిషాలకి దిగింది. ఏం లిమిటేషన్, నా బొంద!

అసలు ఈ ఇన్‌హెరెంట్‌కి మూలం లాటిన్‌లో అంటుకుని ఉండటం అనే క్రియట, అడ్హెసివ్, హెజిటేట్ కూడా ఆ కుదురువే. ఇన్‌హెరిట్ మాత్రం వేరే, అది వారసుడు అనే మాట నుంచి వచ్చింది. మా టీమ్‌లో సగం మంది రెండూ కలిపేస్తారు. పాత టీమ్ వదిలేసి పోయిన బగ్గు మనకి ఇన్‌హెరిటెడ్, దాన్ని దులిపేసుకోవచ్చు. ఇన్‌హెరెంట్ అంటే ఆ వస్తువు ఉన్నంతకాలం దాంతోనే ఉండేది, మనవాళ్ళు పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారే, అదీ. పేపర్లలో 'అంతర్లీన లోపం' అని రాస్తారు, నాకది నచ్చదు, ఏదో లోపల దాక్కున్నట్టు ఉంటుంది. మామిడిపండు మగ్గితే కుళ్ళుతుందన్నది దాక్కున్న రహస్యమా? మూసాపేట బండి మీద పండ్లమ్మే ఆయన 'పండు గుణమే గంత సార్' అంటాడు, నాకు తెలిసి దీనికన్నా మంచి అనువాదం లేదు.

మా బావ లాయరు. గోడు వెళ్ళబోసుకుంటే వాట్సాప్‌లో ఫోటోలు పంపాడు. మన 1963 నాటి మెరైన్ ఇన్సూరెన్స్ (ఓడ సరుకుల బీమా) చట్టం సెక్షన్ 55లో 'ఇన్‌హెరెంట్ వైస్', అంటే సరుకులోనే ఉన్న దోషం, అని ఉంది, పాలసీలో విడిగా రాసుకోకపోతే దానికి ఇన్సూరెన్స్ వాళ్ళు డబ్బులివ్వరు, పక్కనే ఎలకలు కొరికినా ఇవ్వమని కూడా ఉంది (ఇది చదివి బాగా నవ్వుకున్నా). 1983లో హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో, అంటే అప్పటి బ్రిటన్ పై కోర్టులో, సోయా గింజల కేసొకటి తేలింది, ఇండోనేషియా నుంచి ఓడలో వస్తూ వేడెక్కి పాడైపోయిన సరుకు. బయటి నుంచి ఏ ప్రమాదమూ జరక్కుండా, మామూలుగా సాగే ప్రయాణంలో తనంతట తాను పాడైతేనే ఇన్‌హెరెంట్ వైస్ అని అందులో చెప్పారు. అయితే ఆ పాలసీలో వేడి, చెమ్మ, దానంతటదే మంటంటుకోవడం అని పేరుపెట్టి రాసి ఉంది కాబట్టి డబ్బులు వచ్చాయి. నాకు పట్టుకున్నది ఆ 'మామూలుగా సాగే ప్రయాణం' అన్న ముక్క. ఒక్క రాత్రి ప్రయాణం మూడు రోజులైతే అది మామూలా?

ఇంకా మంచిది రైల్వే చట్టంలో ఉంది, 1989ది, సెక్షన్ 93. మాది ప్రైవేటు బండి కాబట్టి నాకు అక్కరకొచ్చేది కాదు, అయినా చెప్తా. రైల్వే బాధ్యత లేని సందర్భాల లిస్టులో యుద్ధం, దైవికంగా జరిగినవాటితో పాటు సరుకు ఇన్‌హెరెంట్ డిఫెక్ట్ వల్ల తరుగుపోవడం ఉంది, బయటికి కనపడని లోపానికి లేటెంట్ అని వేరే మాటే ఉంది. ఆ కింద ఒక మెలిక. వీటిల్లో ఏదో ఒకదాని వల్లే నష్టం జరిగిందని రుజువైనా సరే, తగిన ముందుచూపుతో జాగ్రత్తగా తీసుకెళ్ళామని రైల్వే మళ్ళీ రుజువు చేసుకోవాలి, అప్పుడే తప్పించుకుంటుంది. అంటే 'దాని గుణమే అంత' అనేస్తే సరిపోదు, ఆ గుణం తెలిసి నువ్వేం చేశావో చెప్పు అని. ఆఫీసులో మేం ఎగ్గొట్టేది సరిగ్గా ఈ రెండో సగమే.

ఆ ధైర్యంతో ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళకి మళ్ళీ రాశా, ఆ రెండు రోజులూ పెట్టెలు ఎక్కడున్నాయి, ఎండలోనా నీడలోనా అని. జవాబొచ్చింది, ఇదివరకే చెప్పాం, సరుకు 'ఇన్‌హెరిటెడ్ నేచర్' వల్ల అని.

పిన్నికి ఫోన్ చేసి ఇంగ్లీషు అర్థం చెప్పి మరీ చదివి వినిపించా. 'తోట మీ తాతగారిదేగా నాన్నా, కరెక్టుగానే రాశాడు' అంది.