గట్టు మీద అడుగుల గుర్తులు లేని రోజు

ఉదయం 5:40. వంటింట్లో లైటు వేయగానే కళ్ళు ముందు గట్టు మీదకే వెళ్తాయి. రాత్రి తడిగుడ్డతో, ఆ వెంటనే పొడిగుడ్డతో తుడిచిన గట్టు మీద పిల్లి పాదాల గుర్తులు ఉంటే, వెలుతురు వాలుగా పడినప్పుడు ఇట్టే కనిపిస్తాయి. ఈ రోజు ఒక్కటీ లేదు. పిల్లి కిటికీ పక్కన తన ఎత్తు బల్ల మీదే ఉంది, తోకను పాదాల చుట్టూ చుట్టుకుని.

పిల్లులు తెల్లవారుజామునా, పొద్దుగూకే వేళా చురుగ్గా ఉంటాయి. వాటి వేట వేళలు అవే. మనం నిద్ర లేచి వంటింట్లోకి వచ్చే సమయమూ దాని ఆకలి సమయమూ ఒకటే కాబట్టి పిల్లి గట్టెక్కే గొడవ ఎక్కువగా అప్పుడే మొదలవుతుంది. అందుకే పొద్దున పనుల వరుస ముఖ్యం. ముందు పిల్లి గిన్నె, తర్వాతే పొయ్యి. అది గట్టెక్కాక తిండి పెడితే, ఎక్కితేనే తిండి వస్తుందని మనమే నేర్పినట్టవుతుంది. నాలుగు కాళ్ళూ నేల మీద ఉండగానే గిన్నె కింద పెట్టాలి. రోజుకు సరిపడా తిండిని తూచుకుని నాలుగైదు వాటాలు చేస్తే ఇంకా మంచిది, ఎందుకంటే పిల్లి స్వభావమే కొద్దికొద్దిగా చాలాసార్లు తినడం. తెల్లవారుజాము వాటా టైమర్ ఉన్న డబ్బాలోంచి దానంతటదే పడేలా పెడితే, తిండి కోసం మనిషిని లేపే అలవాటు కూడా నెమ్మదిగా పోతుంది.

గట్టు ఎత్తు సాధారణంగా 85 నుంచి 90 సెంటీమీటర్లు. ఆరోగ్యంగా ఉన్న పిల్లి మీటరున్నర దాకా నిలువుగా ఎగరగలదు. కాబట్టి ఎత్తు దానికి అడ్డే కాదు. అసలు ప్రశ్న, అక్కడ దానికి ఏం దొరుకుతోంది అన్నది. రెండు మూడు రోజులు ఊరికే గమనించి, ఏ మూలకి ఎక్కుతోంది, ఏ వేళకి ఎక్కుతోంది రాసుకుంటే జవాబు దొరుకుతుంది. సింకు దగ్గర తచ్చాడుతుంటే నీళ్ళ కోసం. పారే నీళ్ళంటే చాలా పిల్లులకు ఇష్టం, వాటికి చిన్న ఫౌంటెన్ గిన్నె పెట్టి, తిండికి దూరంగా ఉంచితే సరిపోతుంది. కిటికీ వైపైతే బయట పక్షుల కోసం. పొయ్యి పక్కనైతే వాసనో, వెచ్చదనమో. మనం పని చేస్తున్నప్పుడే సరిగ్గా చేతుల మధ్యకి వస్తుంటే మన ధ్యాస కోసం. ఫ్రిజ్ మీదకెక్కి దిగకుండా ఉంటే మాత్రం అది భయం. ఇంట్లో మరో పిల్లో, కుక్కో తరుముతున్నదేమో చూడాలి. ఈ ఐదింటికీ ఒకే మందు వేస్తే ఏదీ కుదరదు. ఎన్నడూ ఎక్కని పెద్ద వయసు పిల్లి ఉన్నట్టుండి తిండి కోసం గట్టు ఎక్కడం మొదలెట్టి, బాగా తింటూనే బరువు తగ్గుతుంటే, అది అలవాటు సంగతి కాదు. థైరాయిడ్ ఎక్కువవడం, మధుమేహం లాంటివి ఉండొచ్చు. రక్తపరీక్ష చేయించాలి.

ఇక ఆ ఎత్తు బల్ల. గట్టు వద్దని చెప్పే ముందు గట్టుకన్నా మంచి చోటు చూపించాలి. ఈ పని మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇదే. బల్ల గట్టుకు సమానంగానో, ఇంకా ఎత్తుగానో ఉండాలి. వంట చేసే మనిషి దానికి కనిపించాలి, కానీ అక్కడి నుంచి గట్టు మీదకి ఒక్క దూకు దూరంలో ఉండకూడదు. పై పలక కనీసం 30 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల పొడవు ఉంటే పిల్లి ఒత్తిగిలి పడుకోగలదు. అన్నిటికంటే ముందు, బల్ల ఊగకూడదు. దూకినప్పుడు ఒక్కసారి కదిలిందంటే పిల్లి మళ్ళీ దాని ముఖం చూడదు. చాలామంది కొన్న పిల్లి స్టాండ్లు మూలన పడి ఉండేది ఇందుకే. అడుగు భాగం వెడల్పుగా ఉండాలి, లేదా గోడకు బ్రాకెట్‌తో బిగించాలి. పైన పరిచిన గుడ్డ జారకుండా నాలుగు మూలలా అతికించాలి.

ఈ ఉదయం కూరగాయలు తరుగుతూ చేసిన శిక్షణ మూడు నిమిషాలు. అంతకు మించితే పిల్లికి విసుగు. బఠాణీ గింజలో సగం ఉండే తినుబండారం ముక్కలు పది చాలు, వాటిని రోజు తిండిలోంచే తగ్గించుకోవాలి. ముక్క చూపించి బల్ల మీదకి రప్పించాలి. నాలుగు కాళ్ళూ పైన పడగానే ముక్క ఇవ్వాలి, ఇవ్వడంలో సెకను కూడా ఆలస్యం కాకూడదు. ఐదారుసార్లు అయ్యాక ముక్క లేని చేత్తో అదే సైగ, అది ఎక్కాక ముక్క. ఆ తర్వాత అక్కడే ఉన్నందుకు ముక్క, మొదట మూడు సెకన్లకు, తర్వాత పదికి, ముప్పైకి. ఇక్కడ తప్పు జరిగేది ఒక్కచోటే. పిల్లి గట్టెక్కాక దాన్ని బల్ల మీదకి పిలిచి ముక్క ఇస్తే, గట్టు ఎక్కు, పిలిపించుకో, తిను అనే వరుసను నేర్చుకుంటుంది. అందుకే గట్టెక్కిన పిల్లిని మాటా పలుకూ లేకుండా, కళ్ళు కలపకుండా ఎత్తి నేల మీద దించడమే. ముద్దూ లేదు, కసురూ లేదు.

నీళ్ళు చిమ్మడం, అరవడం, చప్పట్లు కొట్టడం ఎందుకు పనిచేయవంటే, వాటిలో మనిషి ఉంటాడు కాబట్టి. పిల్లికి అర్థమయ్యేది గట్టు చెడ్డదని కాదు, మనిషి ఉన్నప్పుడు గట్టు చెడ్డదని. లైటు ఆరగానే ఎక్కుతుంది. పైగా మనల్ని చూస్తే జంకుతుంది, ఆ నష్టం పూడ్చడానికి వారాలు పడుతుంది. ధ్యాస ఇవ్వడం మానేసిన మొదటి రోజుల్లో మరో సంగతి ఎదురవుతుంది. ఎక్కడం తగ్గకపోగా పెరుగుతుంది, అరుపులు కూడా. ఇదివరకు పనిచేసిన ఉపాయాన్ని పిల్లి ఇంకాస్త గట్టిగా ప్రయత్నిస్తున్న దశ అది. సరిగ్గా అక్కడే చాలామంది లొంగిపోతారు, లొంగితే ఆ గట్టితనానికే బహుమతి దక్కినట్టు. గట్టు మీద ఎప్పుడో ఒకసారి దొరికిన వెన్న ముద్ద కూడా అలాంటిదే. రోజూ దొరికే తిండి ఆగిపోతే పిల్లి త్వరగా మానుకుంటుంది, అప్పుడప్పుడూ దొరికేదాన్ని మాత్రం నెలల తరబడి వెతుకుతుంది. కాబట్టి మాంసం, చేపలు, వెన్న మూత లేకుండా నిమిషం కూడా ఉండకూడదు. ఎంగిలి పళ్ళేలు సింకులో నిలవ ఉండకూడదు.

మనిషి లేనప్పుడు కాపలా కాసేది డబుల్ సైడ్ టేప్, అంటే రెండు వైపులా జిగురున్న టేప్. దాన్ని నేరుగా గట్టుకు అంటించకూడదు, జిగురు వదలదు. అట్టముక్కలో, పాత ప్లాస్టిక్ పళ్ళెపు మ్యాట్‌లో తీసుకుని, వాటి మీద టేప్‌ను మూడు వేళ్ళ ఎడంతో చారలుగా అంటించి, పిల్లి దూకి దిగే అంచున పరచాలి. గట్టు మధ్యలో పరిస్తే లాభం లేదు, అప్పటికే అది ఎక్కేసి ఉంటుంది. మ్యాట్ తేలికైతే పాదానికి అతుక్కుని పిల్లితో పాటు ఇల్లంతా తిరిగి దాన్ని హడలగొడుతుంది, అందుకని కింద బరువు ఉండాలి. దుమ్మూ బొచ్చూ పట్టి మూడు నాలుగు రోజుల్లో టేప్ జిగట పోతుంది, మార్చాలి. పొయ్యి పక్కన మాత్రం అట్టలు వద్దు, నిప్పు ప్రమాదం. రెండు మూడు వారాలు గుర్తులు కనిపించకపోతే ఒక్కో మ్యాట్ తీస్తూ రావాలి, అన్నీ ఒకేరోజు కాదు. అల్యూమినియం రేకు కొన్ని పిల్లులకు మొదట పనికొస్తుంది కానీ త్వరలోనే దానికి అలవాటుపడతాయి. కదలికను పసిగట్టి గాలి చిమ్మే డబ్బాలు పనిచేస్తాయి. అయినా పిరికి పిల్లి ఉన్న ఇంట్లో వాడమని నేను చెప్పను.

వాసనల విషయంలో చాలా జాగ్రత్త అవసరం. నిమ్మజాతి వాసన చాలా పిల్లులకు గిట్టదన్నది నిజమే. అయితే ఆ నూనెలు చల్లడం ప్రమాదం. అలాంటి పదార్థాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ, బొచ్చు మీద పడినది నాకి మింగేస్తుంది. టీ ట్రీ నూనె ఇంకా ప్రమాదం. కలరా ఉండలు, కారప్పొడి అసలే వద్దు. గట్టు తుడవడానికి ఫినాయిల్ జాతి ద్రవాలూ వద్దు, అవి పిల్లులకు విషమే. వేడి నీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు చాలు. తుడవడం మాత్రం తప్పకూడదు, లిట్టర్ పెట్టెలో, అంటే పిల్లి మలమూత్రాలకు పెట్టే పెట్టెలో, మట్టి తవ్విన పాదాలే గట్టెక్కేవి. తరిగే పలకను వాడే ముందు కడగాలి. లిట్టర్‌ను రోజూ ఎత్తేస్తే టాక్సోప్లాస్మా భయం బాగా తగ్గుతుంది. ఆ పరాన్నజీవి గుడ్లు మలంతో బయటపడ్డాక అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. గర్భిణులు ఆ పని ఇంకొకరికి అప్పగించాలి.

గట్టు మీద నిజంగా భయపెట్టేవి తిండి పోవడం కన్నా మిగతావి. దారం, రబ్బరు బ్యాండు మింగితే పేగులు కుచ్చిళ్ళలా ముడుచుకుపోతాయి, శస్త్రచికిత్స తప్పకపోవచ్చు. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను పాడు చేస్తాయి, ఉడికినా ఆ గుణం పోదు. టచ్ బటన్ల పొయ్యిని పిల్లి పాదం ఆన్ చేయగలదు కాబట్టి చైల్డ్ లాక్ వేసి ఉంచాలి. గ్యాస్ పొయ్యికైతే నాబ్‌లకు తొడుగులు, రాత్రి రెగ్యులేటర్ కట్టేయడం. గాజు పలక మంట ఆపాక కూడా చాలాసేపు కాలుతూనే ఉంటుంది, దాని మీద మూత పెట్టిన నీళ్ళగిన్నె ఉంచితే మేలు. కాలు కాలిన పిల్లి అన్న మాట వంటింట్లో నిజం కాకూడదు.

మధ్యాహ్నం 2:15. కుండీల దగ్గర కాసేపు. మొక్కల విషయంలో పిల్లి చేసేవి మూడు వేర్వేరు పనులు: తవ్వడం, కొరకడం, పడేయడం. తవ్వుతున్నదంటే కుండీలోని వదులు మట్టి దానికి లిట్టర్‌లా అనిపిస్తోంది. ముందు లిట్టర్ పెట్టె చూడాలి. పిల్లుల సంఖ్యకు ఒకటి కలిపినన్ని పెట్టెలు, ఒక్కోటి పిల్లి శరీరానికి ఒకటిన్నర రెట్ల పొడవు, లోపల 5 నుంచి 7 సెంటీమీటర్ల లిట్టర్. ఆ తర్వాత కుండీ మట్టిని మూయాలి. పిల్లి పంజాతో కదపలేనంత, అంటే 4 నుంచి 5 సెంటీమీటర్ల గులకరాళ్ళు ఒక వరుస పరచాలి. సన్నని కంకర వేస్తే అదీ లిట్టరే అనుకుంటుంది. రాళ్ళు కాండానికి ఆనకుండా రెండు వేళ్ళ ఖాళీ వదలాలి, లేకపోతే మొదలు కుళ్ళుతుంది. రాళ్ళ కింద తేమ ఎక్కువ రోజులు నిలుస్తుంది కనుక పాత లెక్కన నీళ్ళు పోయకూడదు. వేలు పెట్టి చూశాకే పోయాలి, లేదంటే సన్నని ఈగలు మొదలవుతాయి. కోకో పొట్టు కప్పడం వద్దు, అందులో చాక్లెట్‌లోని విషమే ఉంటుంది. ఎముకల పొడి, రక్తపు ఎరువు వేస్తే వాసనకు తవ్వకం మళ్ళీ మొదలు.

కొరికే పిల్లికి మొక్క పేరు తెలుసుకోవడమే మొదటి మందు. లిల్లీలు, డేలిల్లీలు ఇంట్లోకే రాకూడదు. ఆకు, రేకు, పుప్పొడి, కూజాలోని నీళ్ళు, అన్నీ విషమే. బొచ్చు మీద పడిన పుప్పొడి నాకినా చాలు. కొన్ని గంటల్లో వాంతులు, తర్వాత కాస్త తేరుకున్నట్టు కనిపించడం, 1 నుంచి 3 రోజుల్లో మూత్రపిండాలు దెబ్బతినడం. తేరుకుందని ఆగితే ఆలస్యమైనట్టే. సైకస్, అంటే సాగో పామ్, కాలేయాన్ని చంపుతుంది. గింజలు మరీ విషం. మనీ ప్లాంట్, డిఫెన్‌బాకియా, ఫిలోడెండ్రాన్, పీస్ లిల్లీ ఆకుల్లో సూదుల్లాంటి స్ఫటికాలుంటాయి. కొరకగానే నోరు మండి చొంగ కారుతుంది. పేరులో లిల్లీ ఉన్నా పీస్ లిల్లీ మూత్రపిండాలకు హాని చేసేది కాదు. కలబంద, స్నేక్ ప్లాంట్ తింటే వాంతులు, విరేచనాలు. వీటి బదులు స్పైడర్ ప్లాంట్, అరెకా పామ్, బోస్టన్ ఫెర్న్, కెలాథియా నిశ్చింతగా పెంచుకోవచ్చు. కలబంద ఆకారం ఇష్టమైన వాళ్ళకు హవోర్థియా ఉంది. విష మొక్క తిన్నదని అనుమానం వస్తే ఇంట్లో వాంతి చేయించకూడదు. ఉప్పునీళ్ళు, పెరాక్సైడ్ పిల్లికి ఇంకో గాయం. కొరికిన ఆకు సంచిలో వేసుకుని నేరుగా పశువైద్యుడి దగ్గరికి వెళ్ళాలి.

పడేయడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. తేలిక కుండీని బరువైన వెడల్పు కుండీలో దించడం, కిటికీ గుమ్మంలో పిల్లికి ఒక చోటు ఖాళీగా వదలడం, వేలాడే తీగల కొసలు పంజాకు అందకుండా కత్తిరించడం.

సాయంత్రం 6:30. పొద్దుగూకే వేళ, రెండో ఉద్ధృతి. కర్రకు కట్టిన ఈకతో 10 నుంచి 15 నిమిషాల ఆట. ఈక పిల్లి వైపు రాకూడదు, ఎలుకలా దాన్నుంచి పారిపోవాలి, చివర్లో దొరకాలి. దొరికిన వెంటనే రాత్రి తిండి వాటా. వేట, తిండి, ఒళ్ళు నాక్కోవడం, నిద్ర. ఈ వరుస పూర్తయిన పిల్లి మన వంట వేళకి బల్ల మీద కునుకు తీస్తుంది. ఆట అయ్యాక ఆ కర్రనూ దారాన్నీ అలమరలో పెట్టాలి.

రాత్రి 9:50. గట్టు తుడవడం, లాక్, చెత్తబుట్ట మూత, కొత్త టేప్ రెండు చారలు. కిటికీ దగ్గరి కుండీలో గోధుమ గడ్డి మొదళ్ళు పసుపు రంగుకు తిరిగాయి, రెండు వారాలైంది కదా. కొరకడానికి తనదంటూ గడ్డి ఉంటే పిల్లి మిగతా ఆకుల జోలికి తక్కువ వెళ్తుంది. అందుకే వారానికో కుండీ వంతున వేస్తూ ఉండాలి. మందు పూయని గోధుమలు గుప్పెడు నానబోయడం అయింది. రేపు పొద్దున వెడల్పు కుండీలో నాలుగు సెంటీమీటర్ల మట్టి మీద దగ్గరగా చల్లి, పైన పల్చగా మట్టి కప్పాలి. మొలకలు మూడో రోజుకి, జానెడుకు కాస్త తక్కువ గడ్డి పదో రోజుకి.